గులకరాళ్ళు కావు, గుడ్లు

నేను పళ్ళ డాక్టర్ని. ఇరవై ఏళ్ళుగా మనుషుల నోళ్ళలోకి తొంగిచూసి బతుకుతున్నాను. అందుకని ఒక చేప నోట్లోకి తొంగిచూడాల్సి వచ్చినప్పుడు ఆ పని నా నెత్తిన పడటంలో వింతేమీ లేదు. వింతంతా నేను దానికోసం నలభై మూడో ఏట వీపున సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దూకడంలోనే ఉంది. అదీ ఆడపడుచు కోసం. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నవాళ్ళు మా వదినని చూసి ఉండరు. ఆవిడ అర్ధంతో ఆగే మనిషి కాదు.

వదిన మా ఆయనకి అక్క. సముద్రజీవుల మ్యూజియంలో చేపల విభాగం చూస్తుంది. పదకొండేళ్ళ కిందట, మా తీరం పక్కనున్న చిన్న అఖాతంలో, పద్నాలుగు మీటర్ల లోతున ఆవిడ ఒక దవడచేపని చూసింది. ఇసుకలో బావిలాంటి బొరియ తవ్వి, గోడలకి గులకరాళ్ళు పేర్చుకుని, తల మాత్రం బయటపెట్టి కూర్చునే చేప అది. మొత్తం కలిపి వేలెడు ఉంటుంది. ఆ వేలెడులో పావువంతు నోరే. ఆ నోటినిండా గుడ్లున్నాయనీ, పిల్లలయ్యేదాకా మగచేప వాటిని మింగకుండా నోట్లోనే పెట్టుకుని కాస్తుందనీ వదిన నోటుపుస్తకంలో రాసుకుంది. వేరే సముద్రాల్లో దవడచేపలు అలా చేస్తాయని చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. మా అఖాతంలోని ఈ మట్టిరంగు రకం కూడా చేస్తుందన్నది మాత్రం వదిన ఒక్కతే.

ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి వాళ్ళ దగ్గర మంచి కారణమే ఉంది. ఆ చేప ఇల్లు కట్టుకునేదే నోటితో. రోజంతా గులకరాళ్ళు నోట కరుచుకుని ఇటునుంచి అటు మోస్తుంది. "మీరు చూసినవి రాళ్ళు కావని ఎలా చెప్పగలరు?" అన్నాడు మ్యూజియం పెద్దాయన. ఆయన్ని అందరూ ఎర్రసిరా అంటారు, ఎవరు ఏం రాసిచ్చినా ఎర్రపెన్నుతో సగం కొట్టేస్తాడు కాబట్టి. "ఒక మనిషి ఒకసారి చూస్తే అది చూడటం కాదు" అన్నది ఆయన సిద్ధాంతం. రెండోసారి చూసేలోపు వదిన చెవి పాడైంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక జన్మలో నీళ్ళలోకి దిగొద్దన్నాడు.

ఇదంతా నాకు పైపైన తెలుసు. అసలు సంగతి తెలిసింది పోయినేడు, ఎర్రసిరా నా క్లినిక్‌లో కుర్చీ మీద వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు. ఆయన పై దవడలో ఒక దంతం పుచ్చిపోయింది. మత్తు ఇచ్చేముందు మాట కలిపాడు.

"మా అఖాతం చేపల పుస్తకం వచ్చే ఏడాది అచ్చుకెళ్తోందమ్మా. మీ వదిన చాలా కష్టపడింది. ఆ నోట్లో గుడ్లు అన్న వాక్యం ఒక్కటే తీసేశాను. లోతుకెళ్ళి తల తిమ్మిరెక్కితే చేప నోట్లో ముత్యాలు కూడా కనిపిస్తాయి!" అని నవ్వాడు.

అప్పుడు నా చేతిలో సూది ఉంది. వృత్తిధర్మం అడ్డొచ్చింది.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ బల్ల మీద పుస్తకం తాలూకు కాగితాలు పరిచి ఉన్నాయి. ఎర్రగీత పడిన వాక్యం మీద వేలు పెట్టి చూపించింది.

"నేను అబద్ధం చెప్పానని ఎవరూ అనలేదే. పొరపాటు పడ్డానన్నారు. దానికే ఎక్కువ మండింది" అంది. "అబద్ధమంటే పోట్లాడేదాన్ని. పొరపాటంటే ఏం చెయ్యను? మళ్ళీ దిగి చూపించాలి. దిగలేను. నేను పోయేదాకా అది పొరపాటుగానే ఉంటుంది."

వదిన కళ్ళల్లో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ చూడలేదు. కానీ ఆవిడ కాగితాలు సర్దేటప్పుడు ఆ ఒక్క కాగితాన్నీ అన్నిటికంటే అడుగున పెట్టింది. నాకు కడుపు మండిపోయింది.

"నాకు నేర్పండి. నేను దిగుతాను" అన్నాను.

"నువ్వా? షవర్ కింద నిలబడితే ఊపిరాడదంటావు."

"కోపం వస్తే ఆడుతుంది."

కోపం మీదే నేర్చుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది. వదిన ఒడ్డున నిలబడి తిట్టేది, వేరే శిక్షకుడు నీళ్ళలో నేర్పేవాడు. ఇద్దరిలో ఎవరు నేర్పారంటే ఒడ్డున ఉన్నావిడే అంటాను. మునగటం వచ్చాక కెమెరా సంగతి మొదలైంది.

మ్యూజియానికి ఒక అధికార ఫొటోగ్రాఫరు ఉన్నాడు. ఆయన కెమెరాకి ముందు పుచ్చకాయంత గాజు బుర్ర, రెండు పక్కలా రెండు పొడుగాటి చేతులు, చేతుల చివర రెండు పెద్ద లైట్లు. ఎత్తడానికి ఇద్దరు కావాలి. అందుకే ఆయన పేరు ఫిరంగి. మంచివాడే, సలహా అడిగితే కాదనడు.

"చిన్న కెమెరాతో ఫొటోలు రావండీ, జ్ఞాపకాలొస్తాయి" అన్నాడు. "గుడ్డు ఆవగింజంత. అది గుడ్డని రుజువు కావాలంటే లోపల పిల్ల కన్ను కనపడాలి. కన్నంటే సూదిమొనంత. దానికి ఇలాంటిది కావాలి." అంటూ ఫిరంగిని ముద్దుగా తట్టాడు.

నిజమేననుకుని మూడు వారాలు షాపుల వెంట తిరిగాను. పెద్ద కెమెరా ఎత్తితే నా మణికట్టు విరిగేలా ఉంది. ఆ బటన్లు, ఆ చక్రాలు అర్థం కావడానికి మరో జన్మ కావాలనిపించింది. ఒకరోజు క్లినిక్‌లో ఒకావిడ జ్ఞానదంతం ఫొటో తీస్తున్నాను. చివరి పన్ను వెనక అర అంగుళం ఖాళీ. తడి, చీకటి, ఊపిరికి మసకేసే అద్దం. ఎడమచేత్తో బుగ్గ లాగిపట్టి, కుడిచేత్తో నా చిన్న కెమెరాని లోపలికంటా తీసుకెళ్ళి, వేలితోనే బటన్ వెతుక్కుని నొక్కాను. పన్ను మీది సన్నగీత కూడా ఫొటోలో పడింది. అప్పుడు వెలిగింది నాకు. ఈ కెమెరా కొన్న తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నదే ఈ పని! వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు తిరిగాను.

క్లినిక్ కెమెరానే నీళ్ళలోకి దింపుదామంటే వదిన కాసేపు ఆలోచించి, "దానికి సరిపోయే హౌసింగ్ దొరికితే అంతకంటే మంచిది లేదు" అంది. హౌసింగంటే నీళ్ళు చొరని గట్టి ప్లాస్టిక్ పెట్టె. కెమెరా మీద ఎన్ని బటన్లున్నాయో పెట్టె మీదా అన్ని ఉంటాయి. రెండు రకాలు దొరికాయి. వదిన షాపులో నాకు మందపాటి చేతితొడుగులు తొడిగించి, కళ్ళు మూసుకోమని, ఒక్కో బటనూ పేరు చెప్పి నొక్కించింది. మొదటి పెట్టెలో జూమ్ మీట బిగుసుకుపోయింది. "అవతల పెట్టు" అంది. రెండోది వేలికి వెన్నలా తిరిగింది.

"మేడమ్, దీనికి రెండు లైట్లు కూడా తీసుకుంటే..." అన్నాడు షాపతను.

"ఒకటి చాలు" అంది వదిన. "చేప ఇంటికి చుట్టపుచూపుగా వెళ్తోంది, పెళ్ళి ఊరేగింపుకి కాదు."

అలా మా సరంజామా కుదిరింది. వంగే చేతికి తగిలించిన ఫ్లాష్ లైటు ఒకటి. చిన్నవాటిని పెద్దగా చూపించే మాక్రో లెన్సు ఒకటి, అది పెట్టె బయట, నీళ్ళలోనే బిగించుకునేది. దారి చూసుకోవడానికి ఎర్రకాంతి టార్చి ఒకటి. ఎరుపు వెలుతురుకి చేపలు అంతగా బెదరవట. అంతా కలిపి నా చేతిసంచిలో పట్టింది. పిట్ట కొంచెం, కూత ఘనం అని వదిన దానికి పిట్ట అని పేరు పెట్టింది.

సాధన మా ఇంటి స్నానాలతొట్టిలో చేశాను. క్లినిక్ నుంచి ఒక కట్టుడుపళ్ళ సెట్టు తెచ్చి, పళ్ళ మధ్య నల్లచుక్క ఉన్న సన్నపూసలు అతికించి నీళ్ళలో ముంచాను. ఆ పూసల్లో చుక్క స్పష్టంగా కనపడేదాకా తీశాను. మా ఆయన పొద్దున్నే తలుపు తీసి, తొట్టి అడుగునుంచి తనని చూసి ఇకిలిస్తున్న దంతాలని చూసి కేకపెట్టాడు.

"ఎవరివే అవి?"

"మీ అక్క చేపవి" అన్నాను. ఇంకో గంటలో ఈ సంగతి చుట్టాలందరికీ తెలిసిపోయింది. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇలాంటి మగాడితో కాపురం చేసేదాన్ని, నూరు గుడ్లు వారంపాటు నోట్లో దాచుకునే మగచేప ఉందంటే నేనెలా నమ్మానో నాకే తెలియదు. వదిన చెప్పింది కాబట్టి నమ్మాను.

ఆ చేపలు గుడ్లు పెట్టే కాలం, నీళ్ళు తేటపడే కాలం కలిసేది ఏడాదికి మూడు వారాలే. ఆ మూడు వారాల్లో రెండున్నర గాలివానే తినేసింది. శుక్రవారం పుస్తకం అచ్చుకి వెళ్ళాలి. బుధవారం సముద్రం కాస్త శాంతించింది. పడవ నడిపే సరంగు మోటారు పడవ తీశాడు. మాతోపాటు ఫిరంగి కూడా వచ్చాడు. అధికార ఫొటోగ్రాఫరుకి మొదటి అవకాశం ఇవ్వాలని ఎర్రసిరా షరతు పెట్టాడు.

ఆ రోజు పొద్దున క్లినిక్‌లో ఏసీ వేసి, ఆ పొడిగాలిలోనే హౌసింగ్ మూశాను. తేమగాలితో మూస్తే నీళ్ళలో చల్లబడి లోపల అద్దం మసకేస్తుంది. పెట్టె అంచున ఓ-రింగ్ అని రబ్బరు వలయం ఉంటుంది. నీళ్ళని ఆపేది అదే. దాని మీద ఒక్క వెంట్రుక పడినా కెమెరా మునిగినట్టే. భూతద్దం పెట్టి మూడుసార్లు చూశాను. గ్రీజు పల్చగా రాశాను. నాకంటే జాగ్రత్తపరురాలు ఎవరుంటారని గర్వంగా మూత బిగించాను.

నీళ్ళలోకి దిగాక బొరియ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు, వదిన గీసిచ్చిన పటం అంత బాగుంది. పగడపు బండ పక్కన మూడు చేతుల దూరంలో, రాళ్ళు పేర్చిన గుండ్రటి గుమ్మం. గుమ్మంలోంచి చిన్న తల, పెద్ద కళ్ళు, ఉబ్బిన బుగ్గలు. పన్ను పీకించుకుని దూది పెట్టుకున్న మనిషిలా ఉంది. నాకు చూడగానే ప్రేమ పుట్టింది.

ఫిరంగి ముందుకెళ్ళాడు. రెండు చేతులూ విప్పిన ఆ యంత్రం చేప మీదికి వంగేసరికి చేప గుటుక్కున లోపలికి దిగిపోయి, ఒక రాయి లాక్కుని గుమ్మం మూసేసుకుంది. పది నిమిషాలు కాశాడు. పదిహేను కాశాడు. చివరికి నాకు సైగ చేసి పక్కకి తప్పుకున్నాడు. నేను పిట్టని ఇసుక మీద పెట్టి, నేనూ దాని వెనక బోర్లా పడుకుని, ఊపిరి నెమ్మదించి ఎదురుచూశాను. ఇరవై నిమిషాలకి రాయి కదిలింది. తల బయటికొచ్చింది. నన్ను చూసింది. పిట్టని చూసింది. పట్టించుకోలేదు. నోరు తెరిచింది!

తెల్లటి ముద్ద మెరిసి మళ్ళీ లోపలికి పోయింది. నేను నొక్కాను. ఫ్లాష్ వెలిగింది. వచ్చిన బొమ్మ చూద్దామని తెరమీదికి వంగితే అక్కడ చిన్న అక్షరాలున్నాయి. కార్డు లేదు.

మరోసారి చదివాను. అక్షరాలు మారలేదు. బొమ్మలు దాచే కార్డు అందులో లేదు. కార్డు క్లినిక్‌లో కంప్యూటర్లో ఉంది. ఏ ఫొటో ఎక్కించడానికి మా నర్సు దాన్ని తీసిందో కూడా నాకు గుర్తొచ్చింది. మొన్న మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన ఎర్రసిరా పుచ్చుపన్ను ఫొటో. వెంట్రుక కోసం మూడుసార్లు వెతికినదాన్ని కార్డుగది వైపు ఒక్కసారి చూడలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. పద్నాలుగు మీటర్ల లోతులో పెట్టె తెరవడానికి లేదు. ఏడవడానికి కూడా లేదు, కళ్ళద్దాలు నిండుతాయి.

పడవలోకి ఎక్కాక వదిన మొహం చూడలేక కాళ్ళకున్న రెక్కలు విప్పుతూ చెప్పాను. ఫిరంగి నవ్వబోయి ఆపుకున్నాడు. సరంగు ఆపుకోలేదు.

"చేప నోరు తెరిచిందా?" అంది వదిన.

"తెరిచింది."

"లోపల ఏం చూశావు?"

"తెల్లగా ముద్ద. రాళ్ళలా లేవు వదినా, అంటుకుని ఉన్నాయి."

వదిన తల ఊపింది. "పడవలో ఒక ఫొటో తీసి చూసుకోవాలని నీకు చెప్పలేదు. అది నా తప్పు. మునిగేముందు పైన ఒకటి తీసి, తెరమీద చూసి, అప్పుడు దిగాలి. రేపు అలా చెయ్యి" అంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికెళ్ళే దారంతా ఆవిడ పదకొండేళ్ళ నాటి నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

గురువారం గాలి మళ్ళీ లేస్తోంది. సరంగు ఆకాశం చూసి, "మధ్యాహ్నం దాకానే నా పూచీ" అన్నాడు. ఫిరంగి వచ్చాడు కానీ యంత్రం తేలేదు. "నేను మీకు తోడుగా దిగుతానంతే" అన్నాడు. వదిన పడవలో నా ఎదురుగా కూర్చుని, "సిలిండర్లో గాలి ముల్లు రెండువందల నుంచి యాభైకి దిగితే చేప నోట్లో వజ్రాలున్నా పైకి రావాలి. ఒట్టు" అంది. ఒట్టేశాను. కార్డు పెట్టాను. వదిన మొహమే ఫొటో తీసి, తెరమీద చూసి, అప్పుడు దూకాను.

అడుగున ఇసుక కదులుతోంది. నీళ్ళనిండా నలకలు. నలకల మీద ఫ్లాష్ పడితే ఫొటోనిండా తెల్లచుక్కలొస్తాయి. ఇది నాకు కొత్త కాదు. నోట్లో ఉమ్మి మీద వెలుతురు నేరుగా పడినా ఇదే గొడవ. లైటుని దూరంగా, పక్కకి వంచి పెట్టాను. మాక్రో లెన్సుని నీళ్ళలోనే విప్పి, మధ్యలో ఇరుక్కున్న గాలిబుడగ బయటికి పోయాక మళ్ళీ బిగించాను. ఫిరంగి దూరంగా, కదలకుండా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను ఇసుకలో పాకుతూ, జానెడు జరిగి ఆగుతూ, మళ్ళీ జానెడు జరుగుతూ, గుమ్మానికి బెత్తెడు దూరంలో పిట్టని నిలిపాను.

చేప చూస్తూ ఉంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. కుర్చీ ఎక్కిన ప్రతి పేషెంటూ నా చేతిలో పరికరాన్ని అలాగే చూస్తాడు. అలాంటప్పుడు చెయ్యి కదపకూడదు. మనం కూడా భయపడుతున్నట్టు ఉండాలి. కాసేపటికి అవతలి భయం తగ్గుతుంది.

మొదటిసారి నోరు తెరిచినప్పుడు నొక్కాను. వచ్చింది మూసిన నోరు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మూసిన నోరే. నోరు తెరుచుకుని ఉండేది కనురెప్పపాటు. నేను చూసి నొక్కేలోపు, చిన్న కెమెరా కాబట్టి అది కూడా కాస్త ఆలోచించి తీసేలోపు, నోరు మూసుకుపోతోంది. పైగా ఒకసారి వెలిగాక ఫ్లాష్‌కి మళ్ళీ సత్తువ రావడానికి మూడు అంకెలు లెక్కపెట్టాలి. పది ఫొటోలు ఇలాగే పోయాయి. గాలి నూట పదికి వచ్చింది. తర్వాత తొంభై.

నొక్కడం ఆపేశాను. కెమెరా మీంచి కన్ను తీసి చేప మొహాన్నే చూశాను. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే వృత్తి నాది. నోరు తెరవబోయే మనిషికి ముందు ఎక్కడో ఒకచోట కదులుతుంది. కొందరికి గొంతులో గుటక పడుతుంది, కొందరికి ముక్కు ఉబ్బుతుంది. ఈయనకేది కదులుతుంది? ఒకసారి చూశాను. రెండోసారి చూశాను. మూడోసారి దొరికింది. నోరు తెరవబోయేముందు మొప్పల మూత ఒక్కసారి రెక్కలా విచ్చుకుంటోంది. ఆ తర్వాతే దవడ దిగుతోంది. అంటే నోటిని చూసి నొక్కకూడదు. మొప్పని చూసి నొక్కాలి.

గాలి డెబ్బై. మొప్ప విచ్చుకుంది, నొక్కాను. నోరు తెరుచుకునే ఉంది, కానీ మసక. చేప కాస్త వెనక్కి జరిగింది. ఫోకస్‌ని ఒక దూరానికి కట్టేసి, ఆ దూరం కుదిరేలా నా మోచేతుల మీద ముందుకీ వెనక్కీ ఊగాను. గాలి అరవై. వదిన ఒట్టు గుర్తుంది. ఇంకొకటి, మహా అయితే రెండు. మొప్ప విచ్చుకుంది.

నొక్కాను.

తెరమీద బొమ్మ వచ్చింది. జూమ్ మీట తిప్పాను. నోరు ఇంత తెరుచుకుని ఉంది. నోటినిండా గాజుపూసల్లాంటి గుత్తి. ఇంకా దగ్గరికి తిప్పాను. ఒక్కో పూసలో రెండేసి వెండిచుక్కలు. చుక్కలు కావు, కళ్ళు. నూరు పిల్లలు తండ్రి నోట్లో కూర్చుని నా వైపు చూస్తున్నాయి.

నేను నీళ్ళలోనే కేకపెట్టాను. బుడగల దుమారం లేచింది. చేప లోపలికి దూకి తలుపేసుకుంది. ఫిరంగి ఏమైందోనని ఈదుకుంటూ వచ్చాడు. తెర చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు, ఊపుతూనే ఉన్నాడు.

పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి. ఒంటికి మంచిదని నియమం. పదకొండేళ్ళ మాట చేతిలో పట్టుకుని, పైన పడవ అడుగు కనిపిస్తుంటే, ఎవరికీ చెప్పకుండా ఆ మూడు నిమిషాలు తాడు పట్టుకుని వేలాడాను. మా ఆయన బాధ ఎలాంటిదో అప్పుడు అర్థమైంది.

పడవ అంచున తల పైకెత్తి నోట్లోది తీసేసి, "గులకరాళ్ళు కావు!" అని అరిచాను.

వదిన అంచు మీదికి వంగింది. చెయ్యి చాపి పిట్టని అందుకుంది. ఎండకి తెర కనపడక, తువ్వాలు తలమీద కప్పుకుని లోపలికి వంగింది. మేమందరం పడవెక్కి ఆ తువ్వాలు వైపు చూస్తూ నిలబడ్డాం. సరంగు ఇంజను కూడా ఆపేశాడు. ఎంతసేపటికీ ఆవిడ బయటికి రాలేదు. తువ్వాలు మాత్రం వణుకుతోంది.

"వదినా?"

"కళ్ళొచ్చాయే వాటికి" అంది లోపలినుంచి. "నేను చూసినప్పుడు ఇంకా కళ్ళు రాలేదు. వీటికి కళ్ళొచ్చాయే!"

తువ్వాలు తీసింది. మొహమంతా నీళ్ళు, ఆ నీళ్ళ మధ్య నవ్వు. తడిబట్టలతో ఉన్న నన్ను అలాగే కావలించుకుంది. "నేను పొరపాటు పడలేదే" అంది నా చెవిలో. "పడలేదు వదినా" అన్నాను. మళ్ళీ అంది, మళ్ళీ చెప్పాను. ఒడ్డు చేరేదాకా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సరంగు మోటారు పడవని ఎప్పుడూ లేనంత వేగంగా తోలాడు. ఫిరంగి నా పక్కకి చేరి, "ఆ పెట్టె ఏ షాపులో కొన్నారండీ?" అని మెల్లగా అడిగాడు.

శుక్రవారం పొద్దున మ్యూజియం తలుపులు తీయకముందే మేమిద్దరం గుమ్మంలో ఉన్నాం. ఎర్రసిరా గదిలో పెద్ద తెర ఉంది. దానిమీద ఫొటో వేశాం. గోడంత చేప, గోడంత నోరు. ఆయన కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు తుడుచుకుని, తెరకి ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్ళాడు.

"అవును" అన్నాడు. వెనక్కి తిరిగి, "అవునమ్మా, గుడ్లే" అన్నాడు. మర్యాదస్థుడు, ఒప్పుకోవడానికి నీళ్ళు నమల్లేదు. అచ్చుకి వెళ్ళాల్సిన కాగితం తీసి, తను కొట్టేసిన వాక్యం పక్కన ఎర్రపెన్నుతోనే 'ఉంచాలి' అని రాశాడు. నాకు గంతులేయాలనిపించింది.

వదిన లేవలేదు.

"ఎన్నున్నాయో కూడా రాయాలి కదండీ" అంది.

"అంటే... సుమారు వంద అని..."

"సుమారు అంటే మీరే కొట్టేస్తారు. లెక్కపెట్టండి."

ఆయన వదిన వైపు చూశాడు. నవ్వుతోందేమోనని చూశాడు. నవ్వడం లేదు. తెరవైపు తిరిగి, పెన్ను మూతతో ఒక్కో గుడ్డునీ చూపిస్తూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై దగ్గర ఆగి వెనక్కి చూశాడు. వదిన కదల్లేదు. డెబ్బై దగ్గర తప్పాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. మాకు టీ వచ్చింది. వదిన గుక్క గుక్కకీ ఆగి, పదకొండేళ్ళ తర్వాత దొరికిన తీరికతో తాగింది. నేను కిటికీ పక్కన నిలబడి ఆవిడనే చూశాను. అంత అందంగా ఆవిడ నాకెప్పుడూ కనపడలేదు.

"కనపడినంతవరకూ నూట పద్దెనిమిది" అన్నాడు ఎర్రసిరా చివరికి, చెమట తుడుచుకుంటూ.

"కళ్ళతో సహా చూశారా?"

"చూశాను."

"అయితే రాయండి" అంది వదిన.

రాశాడు.